అన్న వాకిలి తగలని దోవ

బావా,

మనింటి తలుపుకి తాళమేసినా. ఊరికే తట్టి పక్కింటోళ్ళని గాబరా పెట్టొద్దు.

రంజాన్ నమాజుకి ఒక దోవన పోయి ఇంకో దోవన రావాల, అప్పుడే ఇంకా నలుగురికి సలాం చెప్పొచ్చునని వారంగా తిరుత్తణి బజారంతా బోధించినావే, వాట్సాప్ హజరత్తూ! మరి నీ రెండు దోవల్లో ఒక్కదాంట్లోనైనా మీ అన్న వాకిలి తగల్దే? సందులు వెతికి మరీ తోడబుట్టినోణ్ణి తప్పించుకునేదానికి ఎంత పుణ్యమొస్తాదో అదీ నువ్వే చెప్పాల.

సేమియా తీసుకోని నేను వాళ్ళింటికే పోతా ఉండా. పోయిన పండక్కి నీకని ఒక గిన్నె పక్కన పెట్టి, మధ్యాన్నం దాకా వాకిట్లోనే కూసున్నాడంట మీ అన్న.

జైతూన్

తాళంచెవి మీ అన్న చేతికిస్తా. నువ్వు సలాం చెప్పేదాకా ఇయ్యొద్దని చెప్తా.