చెప్పకుండా పెట్టే బండారి

వికారాబాద్,
12 ఫిబ్రవరి 2025.

బీరప్ప గుడి పూజారి, వరుసకు మామ అయిన అనంతయ్యగారికి,

దేవిక నమస్కారాలు. క్షేమమడగడం మర్యాద కనుక అడుగుతున్నాను; జవాబు అక్కరలేదు.

ఆదివారం పండుగలో మా తమ్ముడు మహేందర్, మీ కొడుకు దశరథ్ ఒకరి నొసట ఒకరు దేవుడి పసుపు, ఆ బండారి, పెట్టుకోవాలనీ, దానితో తాండూరు కోర్టులో కేసు వాపసు కావాలనీ కబురు పంపారు. "దేవుని ముంగట కలిసినంక కోర్టెందుకు బిడ్డా, జర పెద్దరికం చూడు" అన్నారట.

చూశాను. కార్తీకంలో దశరథ్ గొర్రెలు మా కందిచేనులో పడ్డాయి. అడిగినందుకు అతను కర్రతో మహేందర్ మోకాలి చిప్ప పగలగొట్టాడు. పంచాయితీలో మీరు మాత్రం "గట్టు మీదికెల్లి జారిపడ్డడు" అన్నారు. నేను ఫిజియోథెరపిస్టును, మామగారూ. జారిపడితే ఎముక విరిగే తీరు వేరు, దెబ్బకు విరిగే తీరు వేరు. వాడు ఇప్పుడు నా ఇంట్లోనే, గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్నాడు.

పూజారికి మన కులాచారం నేను గుర్తు చేయవలసి రావడం విచారకరం. కొట్టినవాడు గొంగడి మీద నిలబడి, చేసిన పని తన నోటితో చెప్పాలి. ఆ తర్వాతే దెబ్బ తిన్నవాడు అతని నొసట బండారి పెడతాడు. మా నాయన బీరయ్య కాలంలో యాలాల్ ఊళ్లో తగవు అలాగే తీరింది. తల పగిలినవాడూ, పగలగొట్టినవాడూ మరుసటేడు మందలు కలిపి మేపారు. దేవుడి పేరుతో శాంతి రాదని నేననను. వచ్చింది కూడా, నిజం ముందు పలికినప్పుడు. చెప్పవలసినవాడు మీ కొడుకు కాబట్టి, ఈసారి మీరు గొంగడి తీసేసి పసుపు మాత్రం ఉంచారు.

మహేందర్ రాడు. కేసు వాపసు తీసుకోడు. "పోరి నాలుగక్షరాలు నేర్చి దేవుణ్ణే తూకమేస్తున్నది" అని గుడి మెట్ల మీద నవ్వారట. నవ్వండి.

ఇట్లు,
దేవిక

తా.క.: కవరు అంటించేలోపే మీ ఇల్లాలు జంగమ్మ అత్త వచ్చింది. మీకు చెప్పకుండా, తాండూరులో రైలెక్కి, ఒంటరిగా. కూర్చోమన్నా కూర్చోలేదు. మహేందర్ ఎదుట నిలబడి, "కొట్టింది నా కొడుకే అయ్యా. నా కండ్లతోటి చూసిన. కోర్టుల గూడ గదే చెప్త" అంది. వాడు ఏడుస్తూ ఆమె నొసటికి బండారి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు గాదు. వాడొచ్చి చెప్పినంక వానికి పెట్టు" అంది. "నేను జెప్తే ఇంట్ల లొల్లయితది, నువ్వే రాయి" అని నాతో అన్నది కూడా ఆమే. నాలుగు రోజులు ఇక్కడే ఉంటుంది.

దశరథ్‌ను పంపండి. గొంగడి పరిచి ఉంచుతాం. మీరు మాత్రం రావద్దు.