జీర్ణవాహనోద్ధరణము

కళింగపట్నం,
కార్తిక శుద్ధ ఏకాదశి.

శుభమస్తు.

చిరంజీవి బావమరిది జగన్నాధానికి కూర్మనాథం ఆశీర్వచనములు.

పాలకడలిలో శయనించిన స్వామి నేడు మేల్కొంటాడు. నిద్రించినదానిని దేనినైనా మేల్కొల్పడానికి ఇంతకు మించిన తిథి లేదు. కనుక దీనిని కేవలం ఉత్తరమనుకోకు. ఇది ఒక సంకల్పము. విత్తనాల క్షేత్రం వేలంలో నేను కొన్న పాత పికప్ బండిని, సోములు చేపల వ్యానుకు తాడుతో కట్టించి, నరసన్నపేటలోని నీ షెడ్డుకు ఈ ఉదయమే పంపాను. నాలుగు చక్రాలూ లాగే బండి అని వేలంలో చెప్పారు. ప్రస్తుతం ఒక్కటీ లాగదు.

ఎందుకింత తొందర అంటావా? మాఘపూర్ణిమ నాడు మన జనార్దనస్వామిని సముద్రస్నానానికి తీసుకుపోయే వాహనసేవ మా వంశానిది. పల్లకి మోసేవారి భుజాలు ముసలివైనవి; పిక్కలు దిగే ఇసుకలో వారిని నడిపించడం పాపం. ఆలయ కమిటీ అధ్యక్షుడు నరసింగరావు అది కనిపెట్టి, పదిమందిలో నాతో ఇలా అన్నాడు: "మేస్టారూ, పున్నమికి మీ బండి కదిలిందా, సరే. నేదంటే సావి నా ట్రాక్టరెక్కుతాడు. పైయేడు నుంచి సేవ కూడా మాదే." తాతముత్తాతల నాటి సేవ నా చేతిలో ఆగిపోతే నేను ఏ ముఖంతో గుడి మెట్లెక్కను?

జీర్ణోద్ధరణకు శాస్త్రమున్నది. దేవతామూర్తికి అంగం చెడితే దానిని పారవేయరాదు, అమ్మరాదు. మంత్రపూర్వకంగా జలంలో కలపాలి. స్వామి ఎక్కబోయే వాహనానికీ అదే ధర్మం. కావున నీవు విప్పి తీసిన ప్రతి భాగాన్నీ పాత ఇనుము కొట్టుకు వేయక నాకు పంపు. వంశధార సముద్రంలో కలిసే చోట నేనే నిమజ్జనం చేస్తాను.

ఫోను చేయవద్దు. నా వాక్యంలో క్రియాపదం వచ్చేలోగా నీవు ఫోను పెట్టేస్తావు.

ఇట్లు, ఆశీస్సులతో,
కూర్మనాథం

తా.క. ఒరే తమ్ముడూ, అక్కనిరా. మీ బావ ఆ బండికి రోజూ దిష్టి తీస్తన్నారు. పెళ్ళైన కాణ్ణించి నాకు ఒక్కసారీ తియ్యలేదు. దాన్ని అక్కడే ఉంచుకో, బేగి పంపకు. — జగదీశ్వరి


నరసన్నపేట.

బావగారికి, అక్కకు నమస్కారాలు.

బండి చేరింది. బానెట్ ఎత్తితే ముంగిస పిల్లలు బయటికి వచ్చాయి. వాటిని విప్పి తీసిన భాగాల కింద లెక్కించాలో లేదో శాస్త్రం చూసి రాయండి.

ఇంజను బతుకుతుంది. చిక్కు వేరే చోట ఉంది. ముందు చక్రాలకు కూడా బలం పంచే గేరు పెట్టె ఒకటి ఉంటుంది; మేము ట్రాన్స్‌ఫర్ బాక్సు అంటాం. అది బిగుసుకుపోయింది. అది లేకపోతే వెనక చక్రాలే తిరుగుతాయి, ఇసుకలో దిగగానే బండి కూర్చుంటుంది. కొత్తది దొరకదు. దొరికినా మీ పెన్షనుకు అందదు. అందుకని పాతదాన్నే విప్పి బాగుచేస్తున్నాను.

మిగతాదంతా అడిగి తెచ్చిన సామానే. డ్రైవరు సీటు మూతపడిన సినిమా హాలు బాల్కనీలోది. వెనక్కి వాలితే ఇంటర్వెల్ అయినట్టు ఉంటుంది. హారన్ పాత బస్సుది. ఎడమ తలుపు సోములు పాత వ్యానుది. మీరు కోరినట్టే సైలెన్సరు, చిల్లుల రేడియేటరు, బ్రేకు డ్రమ్ములు సోములు చేత పంపుతున్నాను. కలుపుకోండి.

మీ
జగన్నాధం

తా.క. తలుపు మీద "తాజా చేపలు" అని రాసి ఉంది. రుద్ది తుడిచాం. అక్షరాలు పోయాయి, తాజాదనం పోలేదు.


కళింగపట్నం.

శుభమస్తు.

చిరంజీవి జగన్నాధానికి ఆశీర్వచనములు.

ముంగిసలు జీవులు, భాగములు కావు; వాటికి అభయమియ్యి.

నీవు పంపిన అంగాలను విధివిధానంగా సాగరంలో కలిపాను. అయితే మరునాడు జాలరి దాలమ్మ సైలెన్సరు భుజాన వేసుకొని మా గుమ్మంలో నిలబడింది. "అయ్యగోరూ, ఇది మీదేనేటి? మా వల్లో పడ్డాది. మా ఆడు పెద్ద సేపనుకోని ఒకటే లాగుడు. ఇప్పుడు నడుం పట్టీసి పడుకున్నాడు. ఇంకేటేటి ఏసినారో ముందే సెప్పీండి!" నిమజ్జనమైన అంగం తిరిగివస్తే ఏమి చేయాలో ఏ గ్రంథంలోనూ లేదు. మరింత లోతున మరల కలిపించాను.

తలుపు సంగతి దారుణం. పసుపు నీటితో, తులసితో, పచ్చకర్పూరంతో కడిగించు. వెనుక పలక మీద ఈ ఆటవెలదిని రాయించు. నా స్వకృతి.

తుప్పు పట్టు మేనుతోడ నిల్చిన బండి
వేలమందు నేను వేడి తెస్తి
సాగరమున కేగు స్వామికి రథమయి
పరువు నిలుపవమ్మ పాత బండి

పంక్తులు విరగకుండా చూడు. మరలు బిగించేటప్పుడు తూర్పు ముఖంగా కూర్చో. బండికింద దూరేటప్పుడు కుడికాలు ముందు పెట్టు. మిగిలిన నియమాలు ఎనిమిది పుటలు విడిగా జతచేశాను.

ఇట్లు,
కూర్మనాథం

తా.క. ఒరే, పద్యంలో బండిని అమ్మా అని పిలిచారు, చూశావా? అత్తగారు పోయాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు ఇనప అత్తగారు వస్తన్నాది. — అక్క


నరసన్నపేట.

బావగారికి నమస్కారాలు.

కుడికాలు ముందు పెట్టి బండికింద దూరడం ఎలాగో మీరు ఒకసారి వచ్చి చూపించాలి. మేము వీపుతో దూరుతాం.

పద్యం రాయించాను. పెయింటరు గోపి అక్షరాలు పెద్దవి చేశాడు. మూడు పాదాలు పలక మీద పట్టాయి. నాలుగోది "పరువు నిలుపవమ్మ" దాకా వచ్చేసరికి చోటు అయిపోయింది. మిగిలిన "పాత బండి" బంపరు మీదికి దించాడు. దూరం నుంచి అదొక్కటే కనిపిస్తోంది.

అసలు సంగతి వినండి. ట్రాన్స్‌ఫర్ బాక్సు బాగైంది! చేత్తో తిప్పితే వెన్నలా తిరుగుతోంది. కానీ ఈ హైవే పక్క షెడ్లలో ఇనుము దొంగలు తిరుగుతున్నారు. ఇది పోతే మళ్ళీ పుట్టదు. అందుకని పొద్దున్నే సోములు వ్యానులో మీ ఇంటికి పంపేశాను. కొట్టుగదిలో పెట్టి తాళం వేయండి. ఇంజను పని అయ్యాక నేను వచ్చి చూసుకుంటాను.

మీ
జగన్నాధం

తా.క. తలుపు మీరు చెప్పినట్టే కడిగాం. ఇప్పుడు చక్రపొంగలిలో చేప పడ్డ వాసన వస్తోంది.


కళింగపట్నం.

శుభమస్తు.

చిరంజీవి జగన్నాధానికి అనేక ఆశీర్వచనములు.

నిన్నటి దినం ధన్యమైనది. సోములు ఒక మహాంగాన్ని తెచ్చి అరుగు మీద దించి, "జగన్నాధంగారు అంపినారయ్యా" అని చెప్పి, చేపలు కుళ్ళిపోతాయని పరుగెత్తాడు. చూతును గదా, తైలాభిషేకం పొందిన సాలగ్రామం వలె మెరుస్తున్నది! చెడిన భాగాన్ని సైతం ఇంత శుభ్రంగా తుడిచి పంపావంటే, నీకు శాస్త్రం మీద శ్రద్ధ కుదిరినదని నా కళ్ళు చెమర్చినవి.

నేను స్నానం చేసి వచ్చేసరికి మీ అక్క దానిని పసుపు బట్టలో మూటకట్టి సిద్ధంగా ఉంచింది. ఆమెలోనూ ఇంత భక్తి ఎన్నడూ చూడలేదు. సన్నాయి మేళం పెట్టించాను. జాలరులు పడవ మీద లోతుకు తీసుకుపోయారు. కళ్ళు మూసుకొని పురుషసూక్తం చదువుతూ వదిలాను. గుభిల్లున మునిగింది. ఈసారి ఏ వలకూ అందదు.

ఇట్లు, పరమానందంతో,
కూర్మనాథం

తా.క. ఈ కవరు అంటించబోతుండగా పోస్టుమాన్ నీ ఉత్తరం ఇచ్చాడు. చదివాను. మరల చదివాను. రెండవసారి కూడా అదే ఉన్నది. నరసింగరావు తన ట్రాక్టరుకు రంగు వేయిస్తున్నాడు. జగన్నాధం, ఏమి చేయుదును?


నరసన్నపేట.

బావగారికి నమస్కారాలు, ఈసారి కాస్త దూరం నుంచి.

మీ ఉత్తరం చదివి బాల్కనీ సీటులో కూలబడ్డాను. సన్నాయి మేళం పెట్టించారా! నా పెళ్ళిలో పెట్టించమంటే బ్యాండు చాలన్నారు.

ఇక చేయగలిగింది ఒకటే ఉంది. నా తంటాలు నేను పడతాను. మీరు మాత్రం పున్నమి దాకా నాకు ఒక్క నియమం పంపకూడదు, ఒక్క సలహా రాయకూడదు. ప్రాయశ్చిత్తం ఎలా చేయాలో నేను మీకు చెప్పేవాణ్ణి కాను. బాగా ఇష్టమైనది ఏదో ఒకటి మానేసి, నా విషయంలో మాత్రం మౌనం పట్టండి.

జగన్నాధం

తా.క. మౌనంలో ఉత్తరాలు రాయడం కూడా మాట్లాడడమే. అనుమానం ఉంటే శాస్త్రం చూడవద్దు.


కళింగపట్నం,
మాఘ బహుళ విదియ.

శుభమస్తు.

చిరంజీవి బావమరిది జగన్నాధానికి కూర్మనాథం ఆశీర్వచనములు.

మౌనం ముగిసినది గనుక కలం పట్టాను. పున్నమి నాటి సంగతి నీవు స్టీరింగు వెనుక నుండి చూశావు. నేను ఇసుకలో నిలబడి చూశాను. నరసింగరావు ట్రాక్టరుకు బంతిపూలు చుట్టి, నా వైపు చూసి మీసం సవరించుకుంటున్న వేళ బస్సు హారన్ మోగింది. జనం బస్సే వస్తున్నదని పక్కకు జరిగారు. ఆ సందులోనుండి మన బండి వచ్చింది. ఇసుక దిబ్బ ఎదుట ఒక్కసారి ఆగింది. నా గుండె కూడా ఆగింది. అప్పుడు ముందు చక్రాలు కదిలినవి, నాలుగూ కలిసి ఇసుకను పట్టినవి, స్వామి దిబ్బ ఎక్కాడు.

నరసింగరావు ముక్కు మూసుకొని, "ఏటి మేస్టారూ, సేపల కంపులో సావినెక్కిస్తారేటి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా దాలమ్మ అందుకుంది: "సావి సేపై పుట్టినప్పుడు నేని కంపు ఇప్పుడొచ్చిందేటి? నువ్వు జరుగు బావూ, బండికడ్డం!" జనం గోవింద కొట్టారు. సేవ నిలిచింది.

ఇక నీవు చూడనిది చెబుతాను. నీవు రాసినట్టే ప్రాయశ్చిత్తంగా నేను కాఫీ మానేశాను. చతుర్దశి ఉదయం మీ అక్క పొగలు కక్కే కాఫీ నా ముందు పెట్టి, "తాగండి. కాఫీ లేక నన్నూ పాలవాణ్ణీ ఒకేలా తిడతన్నారు. ఆ పెట్టె సముద్రంలో లేదు. గాదెలో ఉండేది. మీరు గుడికెళ్ళినప్పుడు తమ్ముడొచ్చి పట్టుకుపోయాడు" అన్నది.

"మరి నేను కలిపినది?"

"మీ అమ్మగారి రుబ్బురోలు. మిక్సీ కొన్నా దాన్ని కదపనివ్వరు గదా. పెట్టె వస్తన్నాదని తమ్ముడు ముందే ఫోను చేసీసాడు. మీరు స్నానానికి వెళ్తూనే సూక్తం ఎత్తుకున్నారు, ఇంక నా మాట వింటారా? అందుకే మూట మార్చీసాను. పోన్లెండి, సన్నాయి మేళంతో వెళ్ళింది. మీ అమ్మగారుంటే సంతోషించును."

అనగా, నేను ఉత్తరాలు రాస్తున్నంత కాలమూ మీరిద్దరూ ఫోనులో మాట్లాడుకుంటున్నారు! నా నియమాల బాధ వదిలించుకొనుటకు నన్ను మౌనంలో కూర్చోబెట్టారు! నేను కోపించలేదు. కాఫీ తాగాను. నాకు తెలిసినట్టు నీకు చెప్పవద్దని మీ అక్క చేత ఒట్టు వేయించుకున్నాను.

తీరంలో స్వామి స్నానమైన పిమ్మట అర్చకుడు కైంకర్యం చేసినవారి గోత్రనామాలు అడిగాడు గదా. నీవు ఇంజను ఆపితే మరల అంటుకుంటుందో లేదోనని ఆపలేదు. ఆ రొదలో కిటికీలోనుండి మెడ చాచి నన్ను చూశావు. అప్పుడు స్వామి ఎదుట, సముద్రం ఎదుట, నరసింగరావు ఎదుట, నీ గోత్రం, నీ పేరు, నీ కొడుకు త్రినాథ్ పేరు చెప్పి, "పుత్రపౌత్ర పరంపరగా, ఆచంద్రార్కం, ప్రతి మాఘంలోను ఈ వాహనమును స్వంత వ్యయంతో మరమ్మతు చేసి నడుపువాడు" అని సంకల్పం పలికాను. "సమ్మతమేనా?" అని చేతితో సైగ చేశాను. నీవు నవ్వుతూ నిండుగా తల ఊపావు. అర్చకుడు నీ మీద అక్షతలు వేశాడు. నీవు అవి నా ఆశీస్సులనుకొని తల వంచావు.

వాహనసేవ మా వంశానిది. వాహనం మరమ్మతు నేటినుండి మీ వంశానిది.

కనుక నీ అనంతరం ఈ బండి తాళంచెవి అందుకొనే వారందరినీ ఇప్పుడే, పుట్టకముందే, దీవిస్తున్నాను. వారికి దొరకని విడిభాగం దొరుకుగాక. తడి ఇసుక వారి చక్రాల కింద గట్టిపడుగాక. వారి అక్కలు వారి పక్షాన ఉందురుగాక, బావలు పొట్టి ఉత్తరాలు రాతురుగాక. స్వామి ఏ కాలంలోనైనా సముద్రానికి బయలుదేరిన నాడు, వారి చేతి తిప్పుతో ఈ ఇంజను మొదటిసారికే అంటుకొనుగాక. తథాస్తు.