మిష్రిఫ్ గోడ మీద కారిపోయిన మీసం

కడప జిల్లా చిట్వేలి కాపురస్థుడు, కీర్తిశేషులు గాలివీటి నరసయ్య గారి కొడుకు, ప్రస్తుతం కువైట్ దేశం షువైఖ్‌లో మూతబడిన గ్యారేజీ మీది గదిలో ఉంటున్న గాలివీటి చిన్నపుల్లయ్య అను నేను, వయసు నలభై నాలుగు, గోడల మీద బొమ్మలు వేసే వృత్తి, పూర్తి తెలివిలో ఉండి ఈ కాగితం రాస్తున్నాను. నా బుద్ధి స్థిరంగా ఉంది. చెయ్యి కూడా స్థిరంగానే ఉంది. నా వృత్తిలో రెండోదే ముఖ్యం. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇరాక్ సైన్యానికి ఇచ్చిన గడువు రేపటితో తీరుతుందనీ, ఆ తరువాత బాంబులు పడతాయనీ రేడియో చెబుతోంది. ఈ తొందర అందుకే.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా బావమరిది రామాంజనేయులుది. అతని ఇంటి ముందు గోడ మీద నేను పదకొండు రోజులు కష్టపడి వేసిన నెమలి మీద, ఎన్నికలప్పుడు పార్టీ రాతలకు గోడ కావాలని ఎవరో అడిగితే సున్నం కొట్టించాడు. ఆ సంగతి నేను మరచిపోలేదు. అయినా మా చుట్టాల్లో ఏ కాగితమైనా చివరిదాకా చదివే మనిషి అతనొక్కడే కాబట్టి వేరే దారి లేదు. ఈ పేరా కూడా చివరిదాకా చదవాలి.

2. చిట్వేలిలోని ఇల్లు, దాని వెనక అరటితోట నా భార్య వెంకటేశ్వరికి సర్వహక్కులతో చెందాలి. సినిమా బ్యానర్ల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి కనుక నేను ఏ ఆడమనిషిని గీసినా సినిమా తారలాగే వస్తుంది. ఆమెను మూడుసార్లు గీశాను. మూడుసార్లూ "ఇదెవురబ్బా? నా మాదిరి ల్యా. యాడ చూసినావు ఈమెను?" అని నిలదీసింది. నాలుగో బొమ్మ నా పెట్టె అడుగున ఉంది. ఇక్కడ, ఆమె ఎదురుగా లేనప్పుడు గీసింది. ముక్కు కొంచెం వంకరగా వచ్చింది. అది మాత్రం ఆమే.

3. ఉడుత వెంట్రుకల కుంచెలు ఏడు నా కూతురు అరుణజ్యోతికి. వాటితో తలుపులకు రంగు వేయరాదు. మేనమామ అడిగినా ఇవ్వరాదు. ఆడపిల్లకు గోడలెక్కే పని ఎందుకని ఎవరైనా అంటే, వచ్చి నిచ్చెన పట్టుకోమని వాళ్ళకే చెప్పాలి.

4. మిష్రిఫ్‌లోని బడి గోడ నాది కాదు, ఎవరికీ రాసివ్వలేను. కానీ దాని సంగతి చెప్పకపోతే కింది పేరాలు అర్థం కావు. మూడేళ్ళ కిందట నేనూ, కోనసీమ నుంచి వచ్చిన వెంకటసత్యనారాయణా (నేను సత్యం అంటాను) ఆ గోడ మీద యాభై అడుగుల పడవ వేశాం. తెరచాప ఎత్తిన పడవ, ముత్యాల కోసం నీళ్ళలోకి దూకుతున్న మనుషులు. బొమ్మలు నావి, కింద అరబ్బీ అక్షరాలు సత్యానివి. చదవడం రాని భాషను అంత అందంగా రాసేవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. ఈ మాట అతనితో ఎప్పుడూ అనలేదు.

పోయిన ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమాని, మా కఫీల్, సౌదీకి వెళ్ళిపోయాడు. సెప్టెంబరులో ఒక అధికారి మా గదిలో రంగు డబ్బాలు చూసి, పడవను చెరిపి ఆ చోట వాళ్ళ దేశాన్నేలే పెద్దాయన బొమ్మ వేయమన్నాడు. అది పూర్తయ్యాకే ఊరికి పోయే చీటీ ఇస్తానన్నాడు. చెరపడానికి నాకు చేతులాడలేదు. పడవ మీద సబ్బునీళ్ళు పూసి, ఆ పైన జిగురు తగ్గించిన నీటిరంగుతో పెద్దాయనను వేశాను. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, పై రంగంతా కడుక్కుపోతుంది. ముగించడానికీ మనసొప్పక రోజూ మీసం తుడిచి మళ్ళీ వేసేవాణ్ణి. అధికారి వచ్చి "యల్లా, ఖలాస్!" అని, తొందరగా ముగించమని అరిచేవాడు. ఇంత పెద్దమనిషి మీసం తొందరపడితే కుదరదని నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పేవాణ్ణి.

వారం పని ఏడు వారాలు సాగింది. అది ముగిసేసరికి మనవాళ్ళను తీసుకుపోయే విమానాలు ఆగిపోయాయి. నా సంగతి సరే, సత్యం ఏం పాపం చేశాడు? పడవ మీద నాకున్న ముద్దు అతని ప్రయాణాన్ని మింగింది. ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

5. రేడియో అమీర్‌బీకి. ఈమె రాయచోటి మనిషి, ఆ గోడకు ఎదురింట్లో వంట చేస్తుంది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, దేశం విడిచిపోతూ తాళాలు ఈమె చేతిలోనే పెట్టింది. నవంబరులో ఒక ఉదయం వాన దంచింది. అదే వీధిలో ఇంకో గోడకు సున్నం కొడుతున్న మా దగ్గరికి అమీర్‌బీ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "పుల్లయ్యన్నా, మీసం కారిపోతాండాది! రొమ్ము దాకా వచ్చేసినాది!" అంది. వెళ్ళి చూస్తే పెద్దాయన నుదుట్లోంచి తెరచాప బయటికొస్తోంది. భయపడుతూనే ముగ్గురం కడుపుబ్బ నవ్వాం.

6. మధ్యాహ్నానికి అధికారి వచ్చాడు. రంగు కలిపిందెవరు, ఆ చెయ్యి విరగ్గొడతానన్నాడు. నేను నోరు తెరిచేలోగా సత్యం ముందుకెళ్ళి "అనా, అనా" అని రొమ్ము చరుచుకున్నాడు. నేనే, నేనే అని. బాగా వచ్చిన పనంతా తనదేనని చెప్పుకునే మనిషి, చెడిపోయిన పనిని తనదనడం అదే మొదలు. జీపు ఎక్కిస్తుంటే నా వైపు తిరిగి, "నోరు మూసుకోవయ్యా. బొమ్మలేసే చెయ్యి ఇరిగితే ఇంకెందుకూ పనికిరాదు. అచ్చరాలంటావా, ఎడం చేత్తోనైనా రాసేత్తాను" అన్నాడు.

తొమ్మిది రోజులు. నేనేం తిన్నానో గుర్తు లేదు. పదో రోజు గడ్డంతో, చంకలో ఖర్జూరాల సంచితో, రెండు చేతులూ బాగానే ఉన్న మనిషి మెట్లెక్కి వచ్చాడు. అతని రాత చూసి అధికారి మనసు మార్చుకుని, శిబిరం బోర్డులన్నీ రాయించుకున్నాడట. "వంటసాల బోర్డు ఎంత బాగా కుదిరిందనుకున్నావ్!" అన్నాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. దుమ్ము పడిందని చెప్పాను. తరువాత ఆ అధికారి వేరే చోటికి మారిపోయాడు, గోడను పట్టించుకున్నవాళ్ళు లేరు, పడవ మొత్తం బయటపడింది.

7. నా నిచ్చెన, రంగులు, గదిలో ఉన్న బియ్యం అన్నీ సత్యానికే. ఇవి కాక ఒక బాకీ ఉంది, అది డబ్బు కాదు. పడవ పూర్తయిన రోజు అతను భోజనానికి వెళ్ళినప్పుడు, గోడ మూలన నా పేరు ఒక్కటే రాసుకున్నాను. అతను చూశాడు. నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. నేను కారణం తెలియనట్టు నటించాను. ఈ ఉదయం మిష్రిఫ్ వెళ్ళి, నా పేరు పక్కన అతని పేరు రాసి వచ్చాను. నా అక్షరాలు బాగుండవు. 'సత్య'లో వత్తు జారి సముద్రంలో పడింది. చూస్తే అతను ఊరుకోడు, తుడిచేసి తనే మళ్ళీ రాసుకుంటాడు, నా పేరుకంటే పెద్దగా. అలాగే రాసుకోవాలి. అందుకు అతను బతికి ఉండాలి. చట్టం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నా కోరిక ఇదే.

1991 జనవరి 14, సోమవారం, షువైఖ్‌లో, రొట్టెల కోసం వరసలో నిలబడడానికి వెళ్ళిన సత్యం తిరిగి రాకముందు రాసి ముగించాను.

(సంతకం) గాలివీటి చిన్నపుల్లయ్య

సాక్షులు:
1. కరీముల్లా, మెకానిక్, కింది గ్యారేజీ
2. అబ్దుల్ ఖుద్దూస్, లారీ డ్రైవరు