క్లింగ్‌మన్ గారి కంచె

వెల్‌బర్గ్, ఇండియానా
జూన్ 2, 1986

ప్రియమైన నాన్నకి,

మొదటి మాట అలవాటు కొద్దీ పడింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచాను. అక్షరాలు వంకరగా ఉంటే, విరిగిన నా మణికట్టులో డాక్టరు వేసిన పిన్ను ఇంకా తీయలేదని గుర్తు చేసుకో.

నువ్వు బెర్నీకి రాసిన కార్డు మొన్న వచ్చింది. ఇరవై ఒకటిన దానికి పదహారు నిండుతాయి కాబట్టి నువ్వు మళ్ళీ బాగుచేసిన ఆకుపచ్చ కారు దానిదేనట. అప్పుడే తాళం చెవులు మెళ్ళో కట్టుకుని తిరుగుతోంది. "భయపడకు అక్కా, నీలా కంచెలోకి పోనులే" అంది. దాన్నేమీ అనలేను. అది నీ దగ్గర నేర్చుకున్న మాటే. "మా పెద్దదానికి పేజీ తిప్పడం వచ్చు, స్టీరింగ్ తిప్పడం రాదు" అని నువ్వు టైర్ల కొట్టులో అన్నావు. అది ఊరంతా తిరిగింది. నా లైబ్రరీ బల్ల దగ్గర కూడా నవ్వారు. ఏడు నెలలు నేను నోరు మెదపలేదు. నిజమేననుకున్నాను.

అక్టోబరులో ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. క్లింగ్‌మన్ గారి పొలం పక్క తిన్నని రోడ్డు మీద జీవితంలో మొదటిసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. కారు ముక్కు పైకి లేచింది. ముందంతా ఆకాశమే కనపడింది. నువ్వు ఆదివారాలు చర్చిలో పూజ కూడా ఎగ్గొట్టి రేసులకు ఎందుకు పరిగెడతావో ఆ క్షణంలో అర్థమైంది. భోజనాల దగ్గర నీతో చెబుదామనుకున్నాను. అంతలో మలుపొచ్చింది. స్టీరింగ్ తిప్పాను. కారు తిరగలేదు.

ఈ వసంతంలో ఇండియానాపొలిస్ లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెప్పించుకున్నాను. అందులో నీ రేసు కార్ల పనంతా బొమ్మలతో సహా ఉంది. తిన్నగా పావు మైలు పరిగెత్తే కారుకి కుదుపులు ఆపే ముందు షాకులు తేలిగ్గా లేవాలి, మెల్లగా దిగాలి. బరువంతా వెనక చక్రాల మీదికి పోవాలి. ముక్కు దిగేదాకా ముందు చక్రాలకి పట్టుండదు. ముందువైపు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుందట, మలుపులో కారు ఒరిగిపోకుండా. రేసు కోసం దాన్ని విప్పేస్తారట. ఆ బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. మన గరాజు గోడకి రెండు మేకుల మీద ఉన్నది అదే. అమ్మ దానిమీద చేతిగుడ్డలు ఆరేస్తోంది.

అయినా నీకు తెలియక ఇచ్చావనే సరిపెట్టుకున్నాను. నిన్న పూజ తర్వాత హార్లన్ క్లింగ్‌మన్ గారు చర్చి మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"అమ్మాయ్, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. మీ నాన్న కారు ఎన్నిసార్లు నా కంచెకి తగిలింది?"

"ఒక్కసారేనండీ. నావల్ల."

"మరి పాత గుంజలు కొట్టంలో పడున్నాయి. వాటిమీదా అదే ఆకుపచ్చ రంగుంది. నువ్వు గుద్దింది కొత్త గుంజల్ని. అవి అంతకుముందు ఏప్రిల్లో మీ నాన్న పాతాడు. ఎవడో తాగుబోతు విరగ్గొట్టిపోయాడు, చూడలేక బాగుచేశానన్నాడు. ఎంత మంచి పొరుగువాడని ఒక పంది తొడ హ్యామ్ కూడా ఇచ్చాను."

ఆ హ్యామ్ మనం పోయినేడాది ఈస్టరుకి తిన్నాం నాన్నా. నువ్వే కోసి వడ్డించావు. మొదటి ముక్క నాకు వేశావు.

ఆ కారు ఆ మలుపు తిరగదని నీకు తెలుసు. తెలిసే సెప్టెంబరులో తాళాలు నా చేతిలో పెట్టావు. ఇప్పుడు బెర్నీకి పెడుతున్నావు. ఆ కంచె నువ్వే విరగ్గొట్టావని నీ చేత్తో రాసి పంపు.

కోలెట్

*

బ్రిస్టల్, టెనెస్సీ
జూన్ 7

కోలెట్,

ఇంత పొడుగు ఉత్తరం రేసుల దగ్గర నేనుండే ఈ ట్రైలర్‌కి ఎప్పుడూ రాలేదు. సరే, కంచె విరగ్గొట్టింది నేనే. నువ్వు ముప్పై మైళ్ళ వేగం దాటే పిల్లవు కాదు, నీకేం కాదులే అనుకున్నాను. తొక్కుతావని నాకేం తెలుసు. బెర్నీ పుట్టినరోజుకి వచ్చి కడ్డీ బిగిస్తాను. బోల్టులు కాఫీ డబ్బాలో ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవద్దు. ఈ సంగతి మీ అమ్మకి చెప్పనక్కర్లేదు.

నాన్న

*

వెల్‌బర్గ్
జూన్ 12

నాన్నకి,

ఈసారి మొదటి మాట రాయలేదు.

నీ ఉత్తరం వంటింటి బల్లమీద పెట్టాను. అమ్మ నిలబడే చదివింది. గరాజులోకి వెళ్ళి, కడ్డీ మీది గుడ్డలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టింది. తర్వాత బెర్నీ చదివింది. మెళ్ళోంచి తాళం చెవులు తీసి నా ముందు పెట్టి, "నువ్వెందుకు ఇన్నాళ్ళూ ఊరుకున్నావే?" అని ఏడ్చింది.

బోల్టులు ముట్టుకున్నాను. పుస్తకం నేలమీద తెరిచి పెట్టుకుని, ఎడమచేత్తో కడ్డీ బిగించేసరికి రెండు సాయంత్రాలు పట్టింది. షాకులు కూడా మార్చి, గరాజులో పడున్న పాతవే మళ్ళీ పెట్టాను. బెర్నీ కారు కింద పడుకుని నన్ను తిట్టుకుంటూ నట్లు బిగించింది. ఇవాళ పొద్దున అదే రోడ్డు మీద, అదే వేగంతో వెళ్ళాను. ముక్కు లేవలేదు, ఆకాశం కనపడలేదు. మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పాను. కారు తిరిగింది.

నేను తెలుసుకోవాల్సింది అంతే. కారు క్లింగ్‌మన్ గారి కొట్టంలో, ఆకుపచ్చ రంగంటిన గుంజల పక్కన పెట్టి వచ్చాను. తాళాలు ఆయన జేబులో ఉన్నాయి. కావలిస్తే నువ్వే వెళ్ళి అడుగు. మొదటిసారి కంచె ఎలా విరిగిందో నీ నోటితో చెబితే ఇస్తానన్నారు.

ఉత్తచేతులతో వెళ్ళకు. ఒక హ్యామ్ పట్టుకెళ్ళు.

నీ పెద్దకూతురు,
కోలెట్