నా వంట ఎవరూ తినని వసంతం

అత్తయ్యకి మేనల్లుడి నమస్కారాలు.

ఫోన్‌లో నేను అరిస్తే వీధంతటికీ వినిపిస్తోంది, నీకు తప్ప. అందుకే ఉత్తరం.

గొడుగుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేరి మూడు వారాలైంది. యాభైమందికి మధ్యాహ్న భోజనం నేనొక్కడినే వండుతున్నాను. మేనేజరు మొదటిరోజే తేల్చి చెప్పాడు. "మూడు నెలలు చూస్తాను. రుచి సంగతి నాకు తెలీదు. గిన్నెలో ఎంత మిగిలిందో చూస్తాను, అంతే. మిగిలితే నువ్వు ఇంటికి, భోజనాలు బయటినుంచి." రెండు వారాలు గిన్నెలు కడిగి బోర్లించినట్టే తిరిగొచ్చాయి. నా కాళ్ళు నేలమీద లేవు.

ఈ వారం ఏమైందో ఏమో, గుడ్డ కత్తిరించే మాస్టారూ ఆయన మనుషులు ఆరుగురూ క్యాంటీన్ గడప తొక్కడం మానేశారు. గ్లాసుతో మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇస్తే నవ్వి పక్కన పెట్టారు. నీళ్ళు కూడా చెడగొట్టగలనా అత్తయ్యా నేను?

అడుగుదామంటే భయంగా ఉంది. "ఎందుకు తినడం లేదు" అని అడిగితే నిజం చెప్పేస్తారేమోనని.

నీ దగ్గర గరిటె పట్టడం నేర్చుకున్న,
మేనల్లుడు

తా.క.: ఈ ఉద్యోగం పోతే నీ దగ్గరికే వచ్చి ఉంటాను. ఇది బెదిరింపు కాదు.

*

చిరంజీవి పొట్టి గరిటెకి అత్తయ్య ఆశీస్సులు.

ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళకి వండాను. నా వంట తిననన్నది ఒక్క పెళ్ళికొడుకే. వాడూ అరగంటలో వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మన చేతి వంట కాదంటే లోపం వంటలో ఉండదు, తినేవాళ్ళలో ఉంటుంది.

కారం రెట్టింపు చెయ్యి. మాంసం ముక్కలు పెద్దవి వెయ్యి. వాసన కత్తిరించే గదిదాకా వెళ్ళాలి. అప్పటికీ రాకపోతే వాళ్ళు మనుషులే కారు.

నీ మేలు కోరే,
అత్తయ్య

తా.క.: నా దగ్గరికి వచ్చి ఉండొద్దు. ఇది బెదిరింపే.

*

అత్తయ్యకి నమస్కారాలు.

కారం రెట్టింపు చేశాను. ఫోర్‌మన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తింటుంటే, వాళ్ళింట్లో ఏమైనా జరిగిందేమోనని ఇద్దరు వచ్చి పరామర్శించి వెళ్ళారు. మాంసం ముక్కలు పెద్దవి వేశాను. కుట్టుమిషన్ల సెక్షన్ పెద్దావిడ పళ్ళెం మెల్లగా వెనక్కి జరిపి, "మాంసం వద్దు బాబూ, కూరగాయలేమన్నా ఉంటే పెట్టు" అంది. ఆవిడ వెనక పధ్నాలుగుమందీ అదే మాట! సగం గిన్నె మిగిలింది. మేనేజరు గుడ్డ కొలిచే స్కేలు తెచ్చి గిన్నెలో ముంచి చూశాడు.

అసలు సంగతి ఇంకా వినలేదు నువ్వు. నిన్న పొద్దుగూకే వేళ సరుకు దించే అరుగు వైపు వెళ్ళాను. అక్కడ మాస్టారు, ఆయన మనుషులు, కొత్తగా వాళ్ళతో కలిసిన స్టోర్‌కీపరు పేపరు పరుచుకుని కూర్చున్నారు. ఖర్జూరాలు, పళ్ళు, నీళ్ళు! మధ్యాహ్నం నా వంట కాదని, సాయంత్రం చాటుగా తింటున్నారు. పట్టుబడ్డామన్న సిగ్గయినా లేకుండా మాస్టారు, "రా తమ్ముడూ, కూర్చో" అన్నాడు. నేను కూర్చోలేదు. నాకూ పౌరుషం ఉంది.

అవమానంతో,
నీ మేనల్లుడు

తా.క.: ఆయన ఒక ఖర్జూరం నా జేబులో పెట్టాడు. కోపంగానే తిన్నాను. చాలా బాగుంది.

*

పొట్టి గరిటెకి,

ఆశీస్సులు తరవాత. ముందు ఒళ్ళు మండిపోతోంది. చాటుగా తిని, పైగా నిన్ను పిలుస్తారా? నువ్వు నోరు లేనివాడివి. నాకుంది. మీ మేనేజరుకి నేనే ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. స్కేలు పెట్టి కూర కొలిచే మనిషికి ఎలా రాయాలో అలాగే రాశాను.

అత్తయ్య

తా.క.: "నాలుక లేని మొద్దులు" అన్న మాట ఒక్కసారే వాడాను. రెండోసారి అంతకంటే మంచిది దొరికింది.

*

అత్తయ్యకి వెయ్యి నమస్కారాలు.

ఉద్యోగం సంగతి తేలాకే రాద్దామని నెలన్నర ఆగాను. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదివి మేనేజరు నన్నూ మాస్టారినీ పిలిపించాడు. మాస్టారు చదివి, కుర్చీలో కూలబడి నవ్వాడు. ఆ తరవాత చెప్పాడు. వాళ్ళకి రంజాన్ నెలట. ఏటా కాస్త ముందుకు జరుగుతూ ఈసారి వసంతంలో పడింది. తెల్లవారకముందు నుంచి పొద్దుగూకేదాకా చుక్క నీళ్ళు కూడా ముట్టరు. స్టోర్‌కీపరుది బహాయీ మతం. వాళ్ళ కొత్త సంవత్సరం వసంతం మొదటిరోజున వస్తుందట, దానికి ముందు పందొమ్మిది రోజులు పగలంతా ఉపవాసం. కుట్టు సెక్షన్ వాళ్ళు ఈస్టర్ దాకా మాంసం మానేశారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను అత్తయ్యా. ఆ మాస్టారికి అరవై దగ్గర పడుతున్నాయి. గొంతు తడుపుకోకుండా రోజంతా నిలబడి, నూలుపోగు తేడా రాకుండా గుడ్డ కత్తిరిస్తాడు. నేనో, రుచి చూసే వంకతో మధ్యాహ్నంలోపు పదిసార్లు తింటాను. "మరి నాకు చెప్పలేదేం?" అన్నాను. "చెప్పాల్సిన ఆ పైవాడికి చెప్పాం కదా తమ్ముడూ. నీకు చెబితే జాలిపడి మా ఎదురుగా వండటం మానేస్తావు. ఆ వాసన లేకపోతే మేం గెలిచిందేముంది?" అన్నాడు. అంత మంచిమాట నా వంట గురించి ఇంతవరకూ ఎవరూ అనలేదు.

అప్పటినుంచి అడగడం నేర్చుకున్నాను. మాస్టారి రంజాన్ పండగా స్టోర్‌కీపరు కొత్త సంవత్సరమూ ఒక్కరోజు అటూఇటూగా వచ్చాయి, నా నోరు తీపితో అతుక్కుపోయింది. ఆ వెంటనే జైనుడైన గుమాస్తా వచ్చి, తొమ్మిది రోజుల వ్రతమనీ, రోజుకొక్కపూటే తింటాననీ, ఉప్పు, నూనె, కారం, పాలు ఏవీ లేకుండా గింజలు ఉడకబెట్టిపెట్టమనీ అడిగాడు. ఇదివరకైతే గరిటె విసిరేసేవాణ్ణి. "ఎన్నింటికి పెట్టమంటారు?" అన్నాను. యూదుడైన ప్యాకింగ్ తాతగారికి వాళ్ళ పండగ ఎనిమిది రోజులూ పొంగిన రొట్టె పొడి కూడా దగ్గర ఉండకూడదట. తిండి ఇంటినుంచే తెచ్చుకుంటానన్నాడు. "నేనేం చెయ్యను మరి?" అంటే "నా బల్ల తుడిచిపెట్టు చాలు" అన్నాడు. మూడుసార్లు కడిగాను.

ఎవరికి ఏది కావాలో అదే వండేసరికి గిన్నె మళ్ళీ ఖాళీ. ఈస్టర్ అయ్యాక ఒకరోజు యాభైమందీ ఒకేసారి వచ్చి కూర్చున్నారు. మేనేజరు స్కేలు పట్టుకుని వచ్చేసరికి ఆయన వాటా కూడా లేదు. మూడు నెలలు పూర్తయిన రోజున ఉద్యోగం ఖాయం చేశాడు!

ఆనందంతో,
నీ మేనల్లుడు

తా.క.: నీ ఉత్తరం నోటీసుబోర్డుకి అంటించారు. ప్యాకింగ్ వాళ్ళు తమ బల్లకి "మొద్దుల బల్ల" అని పేరు పెట్టుకున్నారు. రెండోసారి వాడిన మాట మా బల్లకంటే మా బల్లకని కుట్టు సెక్షన్ వాళ్ళూ కత్తిరించేవాళ్ళూ ఇంకా కొట్టుకుంటున్నారు.

*

నా బంగారానికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం పోస్టుమాన్ ఎదురుగానే చదివాను. అతణ్ణి కూర్చోబెట్టి అన్నం పెట్టి, నేనూ తిన్నాను. మిట్టమధ్యాహ్నం! ఎంత కాలానికో!

ఇక దాచి లాభం లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే మొక్కుకున్నాను, నీ ఉద్యోగం ఖాయమయ్యేదాకా పొద్దుగూకేలోపు ఏమీ తిననని. నీ వంట ఎవరూ తినడం లేదని నువ్వక్కడ ఏడుస్తుంటే నేనిక్కడ వండుకున్నదాన్ని మూతపెట్టి చూస్తూ కూర్చున్నాను. చెబితే పనిమానుకుని పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. నువ్వేమో తేలాకే రాద్దామని తీరిగ్గా నెలన్నర ఆగావు. చూస్తాను నీ సంగతి.

నేను ఉత్తరాలు రాసేది సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకి నాకు లోకంలో మంచివాడే కనిపించేవాడు కాదు. పాలవాణ్ణి తిట్టాను, పక్కింటావిణ్ణి తిట్టాను, మీ మేనేజరుని రిజిస్టరు పోస్టులో తిట్టాను. మీ మాస్టారు పొద్దున్నుంచీ ఎండిన గొంతుతో ఉండి, తినే వేళకి నిన్ను పిలిచి ఖర్జూరం నీ జేబులో పెట్టాడు చూడు, అదిరా ఉపవాసమంటే. నాది ఉత్త ఆకలి. ఆయనకి నా తరఫున చేతులెత్తి దణ్ణం పెట్టు.

కడుపు నిండిన,
అత్తయ్య

తా.క.: బోర్డు మీద ఉత్తరం తీయించకు. దాని కింద పెద్ద అక్షరాలతో "ఇది రాసేటప్పటికి ఈవిడ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అని రాయించు. మీవాళ్ళకి అర్థమవుతుంది.