బస్సు రాని ఇల్లు

ఆదివారం రాత్రి

సిటీ బయట క్యారీ అనే ఊళ్లో, మారదామని ఒక ఇల్లు చూసి వచ్చాం. తూర్పు వాకిలి, నా కరివేపాకు కుండీకి మంచి ఎండ. "ఇక్కడికి బస్సు వస్తుందా?" అని మెల్లగా అడిగాను. మాతో వచ్చిన మా ఆయన స్నేహితుడి భార్య పకపకా నవ్వింది. "ఇక్కడ బస్సెవరు ఎక్కుతారమ్మా? డ్రైవింగ్ నేర్చుకో!" సిగ్గేసి తల దించుకున్నాను.

ఇప్పుడుంటున్న సిటీలో అయితే ఒక్కదాన్నే బస్సెక్కి కూరగాయలు తెచ్చుకుంటున్నాను. క్యారీలో అయితే సాయంత్రం దాకా ఆయన కారు కోసం ఎదురుచూడాలి. ఆ మాట పైకి అనలేకపోయాను.

తిరిగొస్తుంటే ఆయనే అన్నారు: "నీకు డ్రైవింగ్ వచ్చేదాకా సిటీలోనే ఉందాం. ఈ ఇల్లు కాకపోతే ఇంకోటి."

ఆయన ఆఫీసు మాత్రం క్యారీలోనే. రోజూ అంత దూరం డ్రైవ్ చేసి అలసిపోతారేమో...

రేపు బస్సులో వెళ్లి ఆయనకిష్టమైన దొండకాయలు తెస్తాను.