అమ్మ మందుకు దొరికిన దారి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అమ్మా నేనూ ఇక్కడ కులాసా. నువ్వూ మరదలూ పాపా అక్కడ అలాగే ఉన్నారని తలుస్తాను. కొత్త కారు బాగా నడుస్తోందని రాశావు, సంతోషం.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. అమ్మ గుండె మందును చవగ్గా అమ్మే కంపెనీ ఇంకేదైనా ఉందేమో చూడమన్నావు. మందుల షాపులన్నీ కాళ్లరిగేలా తిరిగాను. అన్నిచోట్లా అదే డబ్బా, అదే ధర. ఒక షాపాయన మాత్రం నా మొహం చూసి జాలిపడి గ్లాసుడు మంచినీళ్లిచ్చాడు. ఈ వ్యవహారంలో అప్పటికి ఉచితంగా దొరికినవి అవే.

రోజుకు సగం వేస్తే చాలదా అన్నావు. అది మాత్ర కాదురా, క్యాప్సూల్. కోస్తే లోపలి పొడి కారిపోతుంది. నీ మాట తీసేయడం ఎందుకని రోజు విడిచి రోజు వేసి చూశాం. వారం తిరక్కుండానే అమ్మ మెట్లెక్కలేక మధ్యలో కూలబడింది. డాక్టరమ్మ నన్ను ఎడాపెడా వాయించింది. ఆ తిట్లలో సగం నీవి, నీ తరఫున నేనే తిన్నాను.

ఈ వయసులో ఇంత ఖరీదైన మందు అవసరమా అని కూడా ఆవిణ్ణి అడగమన్నావు. అడగలేదు.

చివరికి ఆ మంచినీళ్లిచ్చిన షాపాయనే దారి చూపించాడు. మందు తయారుచేసే కంపెనీవాళ్లే దిక్కులేని ముసలివాళ్లకు ఊరికే ఇస్తారట. సంపాదించే పిల్లలుంటే మాత్రం ఇవ్వరు. అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మానేసి కూర్చున్నాను కనుక నేను లెక్కలోకి రాను. అడ్డమల్లా నువ్వే.

అమ్మను వాళ్ల ఆఫీసుకి తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి, "మగపిల్లలు లేరా మామ్మగారూ?" అంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"ఒక్కడుండేవాడమ్మా. పోయాడు."

"అయ్యో, ఏమైంది?"

"జ్వరం. మందు ఖరీదెక్కువని సగం సగం వేశాం. నిలవలేదు."

అని చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పిల్ల కూడా కళ్లొత్తుకుని, మందు డబ్బాలు అమ్మ ఒళ్లో పెట్టింది. ఇకమీదట కూడా ఇస్తామంది.

బయటికొచ్చాక, "ఇంత బాగా నటిస్తావనుకోలేదమ్మా" అని నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"నటనేమిటే? వాడి ఉత్తరం విన్నరోజు రాని ఏడుపు ఇవాళొచ్చింది" అంది.

ఇక్కడ నీకో నిజం చెప్పాలి. నీ ఉత్తరాలు చదివి వినిపించేటప్పుడు గుచ్చుకునే మాటలు మింగేసి, నువ్వు రాయని తియ్యటి మాటలు నాలుగు కలిపేదాన్ని. వాటిని పట్టుకుని అమ్మ నిన్ను తెగ పొగిడేది, అదీ నేను వండిన అన్నం తింటూ. ఈసారి ఒక్క ముక్క వదల్లేదు. "ఈ వయసులో అవసరమా" అన్నచోట అమ్మ ఆపి, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను, ఇంకొంచెం గట్టిగా. నాకు చాలా హాయిగా అనిపించింది. తలెత్తి అమ్మ మొహం చూసేదాకానే ఆ హాయి. ఆ పూట తను అన్నం ముట్టలేదు.

వచ్చే నెల అమ్మను చూడ్డానికి వస్తానన్నావు. రావద్దు. కంపెనీవాళ్లు చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి చూసిపోతారట. నువ్వు కంటబడితే మందు ఆగిపోతుంది. డబ్బు కూడా పంపకు. నువ్వు కోరినదానికన్నా చవగ్గానే కుదిరింది కదా.

అయినా మనసొప్పక, "చాటుగా ఒక్క పూట వచ్చి వెళ్లమని రాయనా?" అని అమ్మను అడిగాను. అమ్మ కిటికీలోంచి వీధిలోకి చూసింది.

"వాణ్ణి చూడాలనే ఉందే. కానీ నాకు బతకాలని కూడా ఉంది. రావద్దని రాయి" అంది.

రాశాను.

ఇట్లు,
నీ అక్క